రాళ్లుప్పు చేసే చలవ

పుల్ల ఐసు కాసేపు జుర్రితే రంగూ తీపీ ముందే నోట్లోకి వచ్చేస్తాయి, పుల్లకి తెల్లటి చప్పిడి ఐసు మిగులుతుంది. అమ్మేవాడు పాకం సరిగ్గా పొయ్యలేదని చిన్నప్పుడు అందరం తిట్టుకున్నవాళ్లమే. పాపం, అతని తప్పేమీ లేదు. నీళ్లు గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఒక పద్ధతిగా వరస కడతాయి. ఆ వరసలో చక్కెరకి చోటు ఉండదు. దాన్ని పక్కకి నెట్టేసి, నీళ్లు తమ మానాన తాము గడ్డకడతాయి. పాకం ఆ పలుకుల సందుల్లో చిక్కుకుని ఉంటుంది, పీల్చగానే అదే ముందొచ్చేస్తుంది.

ఏటా మామిడిపళ్లు దిగే వేళకి మా ఇంట్లో చేత్తో తిప్పే ఐస్‌క్రీం బక్కెట్టు అటక మీంచి దిగుతుంది. ఫ్రిజ్ పెట్టుకుని ఈ చాకిరీ ఏమిటని అడిగేవాళ్లకి నా దగ్గర మంచి జవాబు లేదు. తిప్పడం నాకిష్టం, అంతే. చెక్క బక్కెట్టు మధ్యలో చిక్కటి పాలు పోసిన డబ్బా, దాని చుట్టూ చితక్కొట్టిన ఐసు. మూడు పాళ్లు ఐసుకి ఒక పాలు రాళ్లుప్పు. ఉప్పు పడగానే ఐసు పలుకులు చిటపటమంటాయి, బక్కెట్టు అడుగున నీళ్లు చేరతాయి. తేలిగ్గా తిరుగుతున్న పిడి పోనుపోను బరువెక్కుతుంది. లోపలి రెక్క డబ్బా గోడకి పట్టిన ఐసుని గీకి మధ్యలోకి తోస్తుంటుంది. పలుకులు పెద్దవి కాకుండా చూసేది ఆ గీకుడే. తిప్పడం ఆపితే ఐస్‌క్రీం పళ్ల కింద కరకరలాడుతుంది.

ఇందులో వింతేమిటంటే, బయట ఐసు కరుగుతున్నకొద్దీ లోపల పాలు గడ్డకడతాయి. సున్నా డిగ్రీల దగ్గర ఐసు కరగడం, నీళ్లు మళ్లీ ఐసు కావడం సమానంగా నడుస్తుంటాయి. ఉప్పు ఆ నీళ్లలో కరిగితే తిరిగి ఐసయ్యే దారికి అడ్డం పడుతుంది. కరగడం మాత్రం ఆగదు. గ్రాము ఐసు కరగాలంటే 80 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని పక్కనున్న ఉప్పునీళ్ల నుంచీ, డబ్బాలోని పాల నుంచీ లాక్కుంటుంది. ఇలా మైనస్ 21 డిగ్రీల దాకా పోవచ్చు. ఇంట్లో బక్కెట్టు అంత లోతుకి పోదు, పోవాల్సిన పనీ లేదు. ఐసు ఫ్యాక్టరీల్లో దిమ్మల డబ్బాల్ని ముంచేది కూడా ఉప్పునీళ్ల తొట్టిలోనే. డబ్బాలో మంచినీళ్లు రాయైపోతాయి, చుట్టూ ఉప్పునీళ్లు మాత్రం పారుతూనే ఉంటాయి.

నీళ్లలో ఏదైనా ఎంత కలిపితే గడ్డకట్టే స్థానం ఎంత దిగుతుందన్న లెక్కని 1880లలో ఫ్రాన్సులో రౌల్ట్ తేల్చాడు. ఇంటర్ రసాయనశాస్త్రంలో మనల్ని ఏడిపించిన రౌల్టే. ఇక్కడ చెల్లేది బరువు కాదు, కణాల లెక్క. కిలో నీళ్లలో 342 గ్రాముల చక్కెర వేస్తే గడ్డకట్టే స్థానం 1.86 డిగ్రీలు దిగుతుంది. ఉప్పయితే 58 గ్రాములకే దాదాపు 3.4 డిగ్రీలు. ఉప్పు నీళ్లలో రెండు ముక్కలవుతుంది కనుక దెబ్బా ఇంచుమించు రెట్టింపే. అందుకే ఐస్‌క్రీంలో చక్కెర మరీ ఎక్కువైతే ఎంత తిప్పినా జావలాగే ఉంటుంది. కొందరు దీనికి పాలవాణ్ణి తప్పుపడతారు.

పాలవాణ్ణి పట్టుకోవడానికీ ఇదే లెక్క పనికొస్తుంది. పాలలో లాక్టోజూ లవణాలూ ఉంటాయి కనుక అవి సున్నాకి కాస్త కింద, మైనస్ 0.54 దగ్గర గడ్డకడతాయి. నీళ్లు కలిపితే ఆ అంకె సున్నా వైపు జరుగుతుంది. డెయిరీల్లో దీన్ని కొలిచే యంత్రం పేరు క్రయోస్కోపు. పాలనీ నీళ్లనీ వేరుచేసే హంస కథల్లో ఉంటుంది, ఈ యంత్రం చేసేదీ ఇంచుమించు ఆ పనే.

పిల్లలతో ఈ బక్కెట్టు పని పెట్టుకుంటే ఒక్క జాగ్రత్త. ఉప్పు కలిసిన ఐసు మామూలు ఐసుకంటే చాలా చల్లన. వట్టి చేత్తో పట్టుకు కూర్చుంటే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. గరిటె వాడండి.