నిఘా ఆటలో ఆటగాళ్లెవరు?

భవిష్యత్తును పీడకలగా చిత్రించే నవలలను డిస్టోపియా నవలలంటున్నాం. వాటిలోని నిఘానూ నియంత్రణనూ జట్టు ఆటతో పోల్చి చూడవచ్చు. అయితే ఆ పోలిక ఎంతవరకు నిజం చెబుతుంది, ఎక్కడినుంచి మోసం చేస్తుంది అన్నది తేల్చుకోవాలి. నిఘా గురించి మన రచయితలు ఏమి రాయాలన్న ప్రశ్న ఇందులోనే ఉంది.

ఆర్వెల్ '1984' (1949) అనగానే గోడమీది టెలిస్క్రీన్ గుర్తుకొస్తుంది. కాని అందులో పార్సన్స్‌ను పట్టించింది యంత్రం కాదు, తాళం కన్నంలోంచి విన్న ఏడేళ్ల కన్నకూతురు. విన్‌స్టన్‌కు గది అద్దెకిచ్చిన ముసలి దుకాణదారు మారువేషంలో ఉన్న పోలీసు. 1924లో ఇంగ్లీషులో వెలువడిన జమ్యాతిన్ నవల 'మేము'లో ఇళ్ల గోడలు గాజువి; పౌరులు నలుగురేసి వరుసలు కట్టి అడుగు కలిపి నడుస్తారు. హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' (1932)లో ఆటలే పాలనా సాధనాలు. సామగ్రి ఎక్కువ ఖర్చు కాని కొత్త ఆటకు అక్కడ అనుమతి దొరకదు. ఈ ముగ్గురూ చెప్పింది ఒకటే: ఏ నియంతా తన రెండు కళ్లతో రాజ్యం చెయ్యలేడు. అతనికి జట్టు కావాలి.

ఈ సంగతి మన పల్లెకు కబడ్డీ చెబుతుంది. కూతకు పోయినవాడు ఒక్కడు. ఎదుట ఏడుగురు చేతులు పట్టుకొని గొలుసు కడతారు. వాడి ఊపిరి తెగేదాకా ఆపితే చాలు. నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ గడీ బలం ఇలాంటి గొలుసే. పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ, సేత్‌సింధి, గుమాస్తా, గూండా: ఎవరి స్థానం వారిది. మానుకోట ప్రాంతపు చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 1969 నాటి తన నవలకు 'చిల్లర దేవుళ్లు' అని బహువచనంలో పేరు పెట్టడం గమనించాలి. దొరను ఒంటరి రాక్షసుడిగా చూపితే గడీ అర్థం కాదు.

పోలిక ఇంతవరకే. కబడ్డీలో గీత ఇరుపక్షాలకూ ఒకటే. ఇప్పుడు పట్టినవాడు మరుక్షణం కూతకు పోతాడు. 'చచ్చిన' ఆటగాడిని అతని జట్టు మళ్లీ బతికించుకుంటుంది. గడీ ముందు గీత గీసేదీ దొరే, తీర్పు చెప్పేదీ దొరే. 1946 జూలై 4న కడవెండిలో తుపాకి గుండుకు ఒరిగిన దొడ్డి కొమరయ్య తిరిగి బరిలోకి రాలేదు. పైగా గొలుసులో నిలిచిన సేత్‌సింధి కూడా పీడితుడే. కడుపు కోసం, భయం వల్ల నిలిచినవాణ్ణి దొరతో సమానంగా ఒకే జట్టులో లెక్కగట్టడం వర్గదృష్టి లేని విమర్శ.

ఆర్వెల్ నవలలో విన్‌స్టన్‌కు జట్టు లేదు. అతను నమ్మిన రహస్య సంఘం అసలు ఉందో లేదో చివరికీ తెలియదు. సామాన్యుల మీద ఆశ ఉంది కాని వారు కదలరు. హెచ్చరికగా ఆ నవల విలువ కాదనలేనిది. కాని పాఠకుడు ఊపిరి తెగిన ఒంటరి మనిషి దగ్గరే ఆగిపోతాడు. తెలంగాణ చరిత్ర అక్కడ ఆగలేదు. గుతపలు, వడిసెలలు పట్టిన సంఘం ఊళ్లకు కాపలా కాసింది. కాపలా వేరు, నిఘా వేరు. భూపాలపల్లి బొగ్గుగనిలో కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వినేవాడు తోటివారి ప్రాణాలకు కాపలా. గని పైన మస్టరు పుస్తకం చూసేది వారి గంటలను.

ఇటీవలి సంవత్సరాలలో హైదరాబాదులో పౌరుల చందాలతో వీధి కెమెరాలు పెట్టించే పోలీసు పథకానికి 'నేను సైతం' అని పేరు పెట్టారు. శ్రీశ్రీ 'జయభేరి'లోని మాట అది. లోకం కోసం తనను తాను ఇచ్చుకునే మనిషి మాట గొలుసులో చెయ్యి కలపమనే పిలుపయింది. చందా ఇచ్చినవాణ్ణి ఎగతాళి చెయ్యనక్కరలేదు. దొంగల భయం అతనికి నిజమే. కాని ఆ బొమ్మలు ఎవరు చూస్తారు? ఎంతకాలం దాస్తారు? చూసేవారు ఎవరికి జవాబుదారీ? కాపలా ఎక్కడ నిఘాగా మారుతుందో ఈ ప్రశ్నలే తేలుస్తాయి.

కెమెరాను భూతంగా చూపి కథ రాయడం తేలిక. గొలుసులో నిలబడ్డ పొరుగువాడి ఇంట్లోకి వెళ్లి, అతను ఎందుకు చెయ్యి కలిపాడో, ఏ బలం అండగా వస్తే ఆ చెయ్యి విడుస్తాడో చూపడం కష్టం. మన రచయితలు పూనుకోవలసింది ఈ కష్టమైన పనికే.