పాడువారు, పాడించువారు

లోకమున గానము చేయువానికి గల కీర్తి గానము నేర్పువానికి లేదు. సభలో పూలమాల గాయకుని మెడలో పడును. ఆ గాయకుని కంఠమునకు పదేండ్లు కాపు గాచినవాని పేరు సభికులలో పదిమందికైన తెలియదు. ఇది న్యాయమా యని యెవ్వరును విచారింపరు. మేమును నిన్నమొన్నటివరకు విచారింపలేదు. విచారింపవలసిన యక్కఱ మాకు మా వీధిలోనే కలిగినది.

మేము సికిందరాబాదులోని చిలకలగూడయందు కాపురముండి ఇరువదియేండ్లుగా ఉపాధ్యాయవృత్తిలో నున్నవారము. గడచిన వార్షికోత్సవమున మా పాఠశాలలో పదునొకండేండ్ల బాలిక యొకతె పద్యములు పాడెను. కంఠము శ్రేష్ఠమైనది; ఉచ్చారణ నిర్దుష్టము. కాని యా చిన్నది మైకు ముందు నిలిచి, తనకు తగిన శ్రుతికంటె ఎంతో పైన నెత్తుకొని, మెడనరములు తేలునట్లు పాడినది. చప్పట్లు మిన్నుముట్టినవి. మఱునాడు పిల్లకు గొంతు పెగలలేదు. వారము గడచిన పిమ్మట ఆమె తండ్రి, రైల్వేలో పనిచేయు సజ్జనుడు, మా యింటికి వచ్చి, "మాస్టారూ, పిల్లను టీవీ పోటీకి పంపవలెనని యున్నాము. రెండు పద్యాలకు అర్థము చెప్పి, తప్పులుంటే దిద్దిపెట్టండి" అని యడిగెను. ముందుగా నెవరికడనైన స్వరములు చెప్పించుట మంచిది గదా యంటిమి. "దానికి ఏండ్లు పట్టును గదండీ! ఘంటసాలగారికి ఎవరు నేర్పినారు మాస్టారూ? అది పుట్టుకతో రావలసినదే" యని ఆయన నవ్వెను.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఏలయన మా గొంతే అప్పటికి స్వస్థముగా లేదు. అఱువదిమంది పిల్లలకు వినబడునట్లు దినమునకు ఆఱు గంటలు అఱచి చెప్పుట వలన మా స్వరతంత్రులపై చిన్న కాయలు లేచినవని వైద్యుడు చెప్పి, మూడు వారములు మౌనము విధించియుండెను. మాకు ఉపాధ్యాయశిక్షణ మిచ్చినచోట నల్లబల్లపై ఎట్లు వ్రాయవలెనో నేర్పిరి. పాఠప్రణాళిక యెట్లు కూర్పవలెనో నేర్పిరి. ఊపిరి యెట్లు తీయవలెనో, మాట యెక్కడనుండి పలుకవలెనో మాత్రమెవ్వరును చెప్పలేదు. కంఠముతో బ్రదుకువానికి కంఠమును గూర్చి యొక్క పాఠమును లేదు! ఆ మౌనదినములలో మేమాలోచించిన సంగతియే యీ వ్యాసము. ఘంటసాలవారికి ఎవరు నేర్పినారను ప్రశ్నకు ఉత్తరము కలదు. అది విజయనగరమున నున్నది.

ఆ యుత్తరమునకు ఆదిభట్ల నారాయణదాసుగారితో మొదలు పెట్టవలెను. దాసుగారు 1864వ సంవత్సరమున బొబ్బిలి ప్రాంతమునందలి అజ్జాడ గ్రామమున జన్మించిరి. మద్రాసునుండి విజయనగరము వచ్చిన కుప్పుస్వామినాయుడను భాగవతుని హరికథను విని, తామును కథకులు కావలెనని సంకల్పించి, ఇరువదియేండ్లు నిండకమునుపే ధ్రువచరిత్రమును రచించి చెప్పిరి. కథయు వారిదే, పద్యమును వారిదే, పాటయు వారిదే, కాలి గజ్జెయు వారిదే. చేత చిడతలు పట్టి, మైకు పేరైనను లేని కాలమున, పందిరి కడపటి వరుసలోని ముసలమ్మకు సైతము ప్రతి యక్షరము వినబడునట్లు గంటలకొలది కథ నడపిరి. రెండు చేతులను, రెండు కాళ్లను, శిరస్సును వేర్వేరు తాళములకు నియోగించి పంచముఖిని ప్రదర్శించిరి. సంస్కృతము, పారసీకము, ఆంగ్లము నేర్చి, ఉమర్ ఖయ్యాము రుబాయీలను మూలమునుండియు, ఫిట్జిరాల్డు ఆంగ్లానువాదమునుండియు గ్రహించి సంస్కృతమునను అచ్చతెలుగునను పద్యములు చేసిరి. ఒక్క కంఠమున ఇన్ని విద్యలు కాపురముండుట తెలుగుదేశమున మఱల జరుగలేదు.

ఇక మన విమర్శకు వచ్చెదము. 1919లో విజయనగరమున మహారాజావారు సంగీతకళాశాలను స్థాపించి దాసుగారిని ప్రథమాధ్యక్షునిగా నియమించిరి. అప్పటికి వారికి ఏబదినాలుగేండ్లు. 1936 వఱకు, అనగా పదునేడేండ్లు, వారాపీఠము నధిష్ఠించిరి. వారి యాత్మకథయగు "నా యెరుక" తొలివయస్సు వృత్తాంతముతో నిలిచిపోయినది. అందు గాయకుడు, కవి, దేశాటనము చేయు కథకుడు కనబడుదురు గాని కళాశాలాధ్యక్షుడు కనబడడు. మన జనము గాయకుని తలచి గురువును మఱచుట యటుండగా, ఆ మహనీయుని స్వీయగ్రంథముననే గురువునకు చోటు దొరకలేదు.

దాసుగారి కళ కళాశాలలో వారసత్వముగా దిగినదా? మేము భక్తితోనే చెప్పుచున్నాము: దిగలేదు. వారి గొప్పతనమంతయు విద్యల కలయికలో నున్నది. కళాశాల స్వభావము విడదీయుట. గాత్రమొక గది, వీణ యొక గది, వాయులీనమొక గది, మృదంగమొక గది. గంట మ్రోగినప్పుడు పిల్లవాడు ఒక గది విడిచి మఱొక గదికి పోవును. దాసుగారి దేహమున ఏకమైయున్న దానిని పాఠక్రమము నాలుగు ముక్కలు చేయక తప్పదు. వారు తొంబది రాగములను ఒక మంజరియందు గ్రుచ్చి కూర్చిన "దశవిధరాగ నవతికుసుమమంజరి" పండితులకు ఆశ్చర్యము గొల్పును. సరళీస్వరములకు కూర్చుండిన పసివానికి అది మెట్టు గాదు, శిఖరము. శిఖరమును చూపుట వేఱు, మెట్లు కట్టుట వేఱు.

అట్లయిన దాసుగారు గురువుగా విఫలులైరా? కాదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ కళాశాలకు విద్యార్థిగా చేరవచ్చిరనియు, వారి వాద్యమును విన్న దాసుగారు, "ఈయనకు నేర్పుట కాదు, ఈయనచే నేర్పించుట మేలు" అను తలంపుతో ఆచార్యపదవి యిప్పించిరనియు ప్రతీతి. 1893లో పుట్టిన నాయుడుగారు 1919లోనే అచట వాయులీనాచార్యులైరనుట, 1936లో దాసుగారి పిమ్మట అధ్యక్షులైరనుట చరిత్ర. తనకంటె దాదాపు ముప్పదియేండ్లు చిన్నవాడగు వానిని, తన విద్యగాని విద్యయందు, తన సరసన కూర్చుండబెట్టుట కంటె గురుత్వమేమున్నది? గొప్పగాయకులకు సామాన్యముగా ఇతరుల కంఠము వినబడదు, తమదే వినబడుచుండును. దాసుగారికి వినబడినది.

మెట్లు కట్టినవారు వేఱొకరు. సాలూరి చిన్నగురువని పిలువబడిన పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ కళాశాలలో గాత్రోపాధ్యాయులు. వారి పేరు దాసుగారి పేరువలె మ్రోగదు. 1922లో కృష్ణామండలమున జన్మించి బాల్యముననే తండ్రిని గోల్పోయిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఉంగరమమ్ముకొని విజయనగరము చేరినప్పుడు, ఆ పిల్లవానిని శిష్యునిగా గైకొని విద్య చెప్పిన పుణ్యాత్ములు శాస్త్రిగారే. మధుకరమెత్తి పొట్టపోసికొనుచు ఆ బాలుడు నేర్చెను. ఇక పుట్టుకతో వచ్చినదన్న మాట యేమి కావలె? పుట్టుకతో వచ్చినది ధ్వని. దానిని పద్యముగా చేసినది గురువు.

పద్యపఠనమునుగూర్చి ఇచట నొకింత చెప్పవలసియున్నది. మన నాటకరంగమున పద్యము చాలకాలము రాగమునకు దాస్యము చేసినది. మైకు లేని దినములలో నటుడు కడపటి ప్రేక్షకునికి వినబడుటకై శ్రుతి హెచ్చించెను; అది యవసరము. హెచ్చించిన శ్రుతి నిలుపుటకై పాదాంతమున దీర్ఘాలాపము చేసెను, అది యలవాటు. ఆలాపమునకు "ఒన్సుమోరు" కొట్టిరి, అది వ్యసనము. తుదకు పద్యములోని మాట యేమో, ఆ పాత్ర యేల దుఃఖించుచున్నదో విననక్కఱలేకపోయినది. మైకు వచ్చిన తరువాత అవసరము పోయి వ్యసనము మాత్రము మిగిలినది. మా పాఠశాల వేదికపై నాడు ఆ బాలిక పాడినది ఆ వ్యసనశేషమే. ముందు మైకున్నను మైకు లేనట్లు పాడినది.

ఘంటసాలవారు పాడిన పద్యమును, జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి "పుష్పవిలాపము"ను, విడిగా కూర్చుండి విని చూడుడు. సమాసము విఱుగదు. రాగము పదమునకు ముందు దారి చూపును, పదము వచ్చినంతనే తొలగి నిలుచును. ఊపిరి తీసినచోట అర్థమును విశ్రమించును. కంఠమునందు బలమెంత గలదో తెలియును గాని, ఆ బలమంతయు వెచ్చించినట్లు ఎక్కడను తోపదు. ఈ మితము పుట్టుకతో రాదు. పిల్లవానికి పుట్టుకతో వచ్చునది అఱపు. మితము పక్కన కూర్చుండి వినువాడొకడు "అంత వలదు, నాయనా" యని నూఱుసార్లు చెప్పగా వచ్చును.

ఈ విషయమున పాశ్చాత్యుల కథ మనకు కనువిప్పు. మాన్యుయేల్ గార్సియా యను నాతని తండ్రి గీతనాటకములలో ప్రసిద్ధి కెక్కిన తారస్థాయి గాయకుడు. 1816లో రోసీనీ తన "సెవిల్ క్షురకుడు" అను నాటకమున నాయకపాత్రను ఆయన కంఠమునకే కూర్చెను. కుమారునకు ఆ భాగ్యము లేదు. ఇరువదియైదేండ్లు నిండకమునుపే రంగస్థలమును విడువవలసివచ్చెను. తన గొంతు పోయినవాడు, గొంతెట్లు పోవునని విచారించెను. స్వీడను దేశపు గాయని జెన్నీ లిండ్ 1841లో, అతిశ్రమచే కంఠము చెడి, తనకడకు వచ్చినప్పుడు పాఠము చెప్పుటకు ముందు కొన్ని వారములు మౌనము విధించెను. పిమ్మట ఆమె యూరోపునందంతట కీర్తి గడించినది. 1855లో గార్సియా చిన్న యద్దముల సాయమున సజీవకంఠములోని స్వరతంత్రుల కదలికను తాను చూచిన విధమును లండనులోని రాయల్ సొసైటీకి నివేదించెను. మా గొంతులో అద్దము పెట్టి చూచిన వైద్యుడు, ఎఱుగకయే, ఒక సంగీతోపాధ్యాయునికి ఋణపడియున్నాడు.

ఆ గార్సియా శిష్యుడగు జూలియస్ స్టాక్‌హౌసెన్ జర్మనీలో వేదికపై మహాగాయకుడయ్యును ఫ్రాంక్‌ఫర్టులో గానము నేర్పి, 1884లో గానపద్ధతినిగూర్చి గ్రంథము ప్రకటించెను. బ్రామ్సు తన గీతమాల నొకదానిని ఆతని కంకితమిచ్చెను. అచట గాయకుడు వేదిక దిగి పాఠశాలకు పోవుట పతనము కాదు, జీవితమునందు రెండవ యంకము. నేర్చినదానిని కాగితముపై పెట్టుట వారికి ధర్మము.

మనకు అట్టివారు లేరని కాదు. 1913లో పుట్టి 2013 వఱకు జీవించిన శ్రీపాద పినాకపాణిగారు వృత్తిచే వైద్యులు. కచేరీలకంటె శిష్యుల ద్వారమున పేరందినవారు. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చిన్నసత్యనారాయణ వంటి గాయకులకు పాఠము చెప్పుటయే గాక "సంగీత సౌరభము"న కృతులను స్వరపఱచి భద్రపఱచిరి. కాని యిట్టివారిని మన గృహస్థులలో ఎందఱెఱుగుదురు? గాయకుల పటములు గోడలకు వ్రేలాడును. సీతారామశాస్త్రిగారి పటమును మేమే గృహమునను చూడలేదు.

మఱియొక్కమాట మన సోదరీమణులకు సంబంధించినది. ఒకప్పుడు గౌరవకుటుంబముల బాలిక సభలో పాడుట యపరాధమని తలంచిరి. నేటి యపరాధము దానికి విపరీతము: బాలికను నేర్పకయే సభకు త్రోయుదుము. నాడు తలుపు మూసితిమి, నేడు తలుపు తెఱచి మెట్లు తీసివేసితిమి. రెంటికిని నడుమ మంచిదారి కలదని చూపినవి విద్యాలయములే. విజయనగరపు కళాశాలలోనే పి. సుశీలగారు శాస్త్రీయముగా నేర్చిరి. తూర్పుగోదావరి ప్రాంతమున కపిలేశ్వరపురములోని సర్వారాయ హరికథాపాఠశాల బాలికలకు గూడ ఆ విద్య నేర్పినది. అచట నేర్చి సంస్కృతమున హరికథ చెప్పిన దాలిపర్తి ఉమామహేశ్వరిగారిని 2024లో పద్మశ్రీ వరించినది. దాసుగారి కళను వారి కళాశాల దింపుకొనలేదంటిమి. అది వేఱొక గ్రామమున, వారి కాలమువారు ఊహింపని కంఠములలో, మెట్టుమెట్టుగా కట్టబడినది.

ఈ సంగతులన్నియు మౌనవ్రతము తీరిన పిమ్మట మేము ఆ బాలిక తండ్రితో చెప్పితిమి. ఆయన శ్రద్ధగా వినెను. తుదకు, "అన్నీ నిజమే మాస్టారూ. కాని పోటీ వయసు దాటిపోతే మరల రాదు గదా?" యనెను. అందులో సత్యము లేకపోలేదు. పేదయింటివాడు పదేండ్లు వేచియుండుమనిన ఎట్లు వేచియుండును? ఘంటసాలవారికి ఆ గురువు దొరకుటయే అదృష్టము. మధుకరమెత్తి నేర్చుట ఏ పిల్లకును విధింపదగిన నియమము కాదు. కావున పిల్లల తలిదండ్రులనే నిందించి ఊరకుండుట మాకు సమ్మతము గాదు. ప్రతి పాఠశాలలో చిత్రలేఖనమునకును వ్యాయామమునకును ఉపాధ్యాయుడు కావలెనని కోరుచున్నాము. గొంతునకు నొక యుపాధ్యాయుడు కావలెనని యేల కోరము? బిడ్డలకు మాత్రమే కాదు, బిడ్డలకు చెప్పు మావంటివారికి గూడ ఆ పాఠము కావలసియున్నది.

ఆ బాలిక పోటీకి పోయినది. రెండవ సుత్తునకు చేరలేదు. తండ్రి మఱల మా యింటికి వచ్చి, ఈమాఱు పద్యముల మాట యెత్తక, సికిందరాబాదున సంగీతము చెప్పువారి చిరునామా యడిగెను. ఇప్పుడు ఆ పిల్ల తెల్లవాఱుజామున తనకు తగిన శ్రుతిలో సరళీస్వరములు పాడుచున్నదట. ఎవ్వరును చప్పట్లు కొట్టుటలేదు. మఱునాడు గొంతు మాత్రము పెగలుచున్నది.