సమీప తార సమాగమం: పాఠ్యపుస్తక వివరణపై పునఃపరిశీలన

గ్రహాల పుట్టుకను వివరించే పాఠ్యాంశాల్లో, సూర్యుని సమీపం నుండి సాగిపోయిన తార ప్రస్తావన చిరపరిచితమే. 2006 నాటి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండవ తరగతి భూగోళశాస్త్ర పాఠ్యపుస్తకం ఛాంబర్లిన్, మౌల్టన్‌ల ప్రతిపాదనను కొద్ది వాక్యాల్లో ముగించి తర్వాతి సిద్ధాంతాలకు సాగిపోయింది. ఈ క్లుప్తతలో రెండు లోపాలు కనిపిస్తాయి.

మొదటిది చారిత్రకం. సూర్యుని నుండి చుట్ట ఆకారంలో పదార్థం విడివడిందనే భావన నిజానికి జేమ్స్ జీన్స్ వేలా పరికల్పనది. పాఠ్యపుస్తకం దానిని ఛాంబర్లిన్, మౌల్టన్‌లకు ఆపాదించింది. వీరిద్దరూ చెప్పినది వేరు: సూర్యుని నుండి ఎగసిన పదార్థం చల్లబడి చిన్న ఘనఖండాలుగా మారిందని, అవి కూడి గ్రహాలయ్యాయని.

రెండవది తార్కికం. ఆ సిద్ధాంతాలు ఎందుకు నిలవలేదో పాఠం చెప్పదు. తార ఒక్కసారి దాటిపోయినంత మాత్రాన గ్రహాలకు తగిన కోణీయ ద్రవ్యవేగం సమకూరదని 1935లో హెన్రీ నోరిస్ రస్సెల్ చూపాడు. సూర్యుని నుండి లాగబడిన అత్యుష్ణ వాయువు గడ్డకట్టదని, చెదిరిపోతుందని 1939లో లైమన్ స్పిట్జర్ గణించాడు. ఈ కారణాలు తెలియని విద్యార్థి, తారల సమీప సమాగమమే కాలం చెల్లిన ఊహ అని భావించే ప్రమాదముంది.

వాస్తవానికి ఆ భావన మరో పాత్రలో తిరిగి వచ్చింది. శిశుతారలు గుంపులుగా పుడతాయి; వాటి చుట్టూ గ్రహాలు రూపొందే వాయు, ధూళి చక్రాలు ముందే ఉంటాయి. దగ్గరగా వచ్చిన తార ఆ చక్రం అంచును కోసివేస్తుంది, సర్పిల భుజాలను లేపుతుంది. రెండు తారల ద్రవ్యరాశి సమానమైతే, వాటి కనిష్ఠ దూరంలో సుమారు మూడవ వంతు వరకే చక్రం మిగులుతుందని అనుకరణలు సూచిస్తున్నాయి. ఆర్‌డబ్ల్యు ఆరిగే తార చక్రం నుండి సాగిన వాయుపుచ్ఛాన్ని 2006లోను, యుఎక్స్ టౌరీ చక్రంలోని సర్పిలాలను 2020లోను పరిశోధకులు ఇటువంటి సమాగమ ఫలితాలుగా వివరించారు.

కనుక బోధనలో జన్మకారణాన్ని, రూపకారణాన్ని వేరుచేయడం అవసరం. ఆదివాసీ ఒడియా, కువి మాతృభాషలుగా గల డుంబ్రిగుడ విద్యార్థులకు తెలుగులో పాఠం చెప్పే అధ్యాపకునికి చాపరాయి వాగే ఉదాహరణ కాగలదు. అక్కడి రాతిపరుపు నీటిని పుట్టించలేదు, దాని పారుదలను మార్చింది. తార కూడా అంతే.

సూర్యుని ద్రవ్యరాశిలో 0.8 వంతు గల తార, భూమి–సూర్యుల దూరానికి 110 రెట్ల దూరంలో దాటిపోయి నెప్ట్యూన్ ఆవలి వస్తువుల కక్ష్యలను చెదరగొట్టిందని 2024లో సుసానే ఫాల్జ్‌నర్ బృందం ప్రతిపాదించింది. ఇది ఇంకా ప్రతిపాదనే. దీనిని ఆధారాలతోను, ప్రత్యామ్నాయాలతోను కలిపి బోధించకపోతే పాత పాఠంలోని లోపమే పునరావృతమవుతుంది.