లండన్ మీదుగా టోక్యో

జపనీస్‌లో క్రియ వాక్యం చివర వస్తుంది. విభక్తి నామవాచకం వెనకాల తగులుకుంటుంది. కర్తను చెప్పకుండానే రోజంతా మాట్లాడేయొచ్చు. ఇవన్నీ మీకు విడ్డూరంగా అనిపిస్తాయి, కంగారు పడకండి, మెల్లగా అలవాటవుతుంది అని నేను కొనుక్కున్న పాఠ్యపుస్తకం మొదట్లోనే ధైర్యం చెప్పింది. హైదరాబాద్‌లో మా సాయంత్రం క్లాసులో సార్ కూడా అదే చెప్పారు, ఇంగ్లిష్‌లో. బోర్డు మీద ఒక ఇంగ్లిష్ వాక్యం రాసి, కింద జపనీస్ వాక్యం రాసి, ఏ మాట ఎక్కడికి దూకిందో బాణాలు గీసి చూపించారు. బాణాలు ఒకదాని మీంచి ఒకటి పోయి బోర్డంతా గజిబిజి అయింది. వింటున్నవాళ్ళమేమో కర్నూలు, కరీంనగర్, కాకినాడల నుంచి వచ్చినవాళ్ళం. మాటలు వచ్చినప్పటి నుంచీ క్రియను చివరే పెడుతున్నవాళ్ళం. అయినా అందరం బుద్ధిగా తలలూపి ఆ బాణాలన్నీ నోట్సులోకి ఎక్కించుకున్నాం.

ఆ బాణాలు ఇంగ్లిష్‌వాళ్ళకు కావాలి. మనకు ఎందుకు? ‘నిన్న అన్నతో రైల్లో వెళ్ళాను’ అనుకోండి. జపనీస్‌లో ‘కినో అని తొ దెన్‌ష దె ఇకిమషిత’. మాట కింద మాట పెట్టి చూడండి. నిన్నకి కినో, అన్నకి అని, తోకి తొ, రైలుకి దెన్‌ష, లోకి దె, వెళ్ళానుకి ఇకిమషిత. ఒక్క మాటా చోటు మారలేదు. ‘నేను’ మనమూ అనలేదు, వాళ్ళూ అనలేదు. మన ‘తో’, వాళ్ళ ‘తొ’ దాదాపు ఒకటే కావడం కాకతాళీయం. ఇలాంటివి చూసి మురిసిపోయి చుట్టరికాలు కలిపేయకూడదు. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కూ బంధుత్వం ఉందని ఏళ్ళ తరబడి వాదించారు. భాషా శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే నాకేం నష్టం లేదు. నాకు కావలసింది వాక్యం కట్టే పద్ధతిలో పోలిక, అది కళ్ళెదుటే ఉంది.

అమెరికా ప్రభుత్వం తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పించడానికి ఒక సంస్థ నడుపుతుంది. ఏ భాషకు ఎంత కాలం పడుతుందో వాళ్ళ దగ్గర ఒక లెక్క ఉంది. అందులో జపనీస్‌ది అన్నిటికన్నా కష్టమైన వర్గం, దాదాపు 2,200 క్లాసు గంటలు. మన పిల్లలు ఈ లెక్క చూసి హడలిపోతుంటారు. అది ఇంగ్లిష్ మాతృభాష అయినవాడి లెక్క అని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. కడపవాడికి ఎన్ని గంటలు పడుతుందో ఆ లెక్కలో లేదు.

యాభై దాటాక జపనీస్ ఎందుకండీ అని అడిగేవాళ్ళకు నేను ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబుతుంటాను. అసలు కారణం హైకూ. కవి ఇస్మాయిల్ గారి హైకూలు చదివిన కాలంలో పట్టుకున్న పిచ్చి అది. హైకూకి 5-7-5 లెక్క ఉంటుందని అందరూ చెబుతారు. ఐదేమిటి, ఏడేమిటి అంటే ఇంగ్లిష్ పుస్తకాలు ‘సిలబుల్స్’ అంటాయి. ఆ లెక్కన టోక్యోలో రెండో మూడో ఉండాలి. జపాన్‌వాళ్ళు నాలుగంటారు. నిప్పొన్‌లోనూ నాలుగే అంటారు. ఇంగ్లిష్ వివరణలో దీనికి పేజీలకు పేజీలు ఖర్చవుతాయి. గురువు, లఘువు తెలిసిన తెలుగు పదో తరగతి పిల్లవాడికి ఒక నిమిషం చాలు. టో గురువు, క్యో గురువు: నాలుగు మాత్రలు. నిప్‌కి రెండు, పొన్‌కి రెండు: నాలుగు. జపాన్‌వాళ్ళు లెక్కపెట్టేది చాలావరకు మన మాత్రనే. నేను ఎప్పుడో బట్టీపట్టి వదిలేసిన ఛందస్సు ఇలా అక్కరకొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఉచ్చారణలోనూ అంతే. హ్రస్వానికీ దీర్ఘానికీ అర్థం మారిపోయే భాష అది. ఒబసన్ అంటే అత్తయ్యో పిన్నో, ఒబాసన్ అంటే బామ్మ. కితె వేరు, కిత్తె వేరు, రెండోది తపాలా బిళ్ళ. ఎ-ఏ, ఒ-ఓ తేడాలు హిందీ లిపిలో పలకవు, తెలుగులో గుణింతంతోనే వచ్చేస్తాయి. జపాన్‌వాళ్ళు పలికే సునామీలో ఉండే మొదటి శబ్దం కోసం ఇంగ్లిష్‌వాళ్ళు నాలుక ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటారు. మనం ‘చుట్టం’ అన్నప్పుడు పలికే ౘు అదే. బయటి నుంచి వచ్చిన మాట చివర అచ్చు తగిలించే అలవాటు కూడా ఉమ్మడే. మనం బస్సు అంటాం, వాళ్ళు బసు. కప్పును వాళ్ళూ కప్పు అనే అంటారు.

మా క్లాసులో నర్సింగ్ చదివిన అమ్మాయి ఒకరున్నారు. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం కోసం నేర్చుకుంటున్నారు. 2019 ఏప్రిల్‌లో జపాన్ తెచ్చిన కొత్త రకం వీసాలో ఈ పనీ ఉంది. జపనీస్ ప్రావీణ్య పరీక్షలో ఎన్4 స్థాయి గానీ దానికి సమానమైనది గానీ పాసవాలి, సంరక్షణ పనికి సంబంధించిన భాషా పరీక్ష మరొకటి రాయాలి. పగలు డ్యూటీ, సాయంత్రం క్లాసు. ఒకరోజు ‘తె’ రూపం పాఠం నడుస్తోంది. క్రియ చివర ‘తె’ చేర్చి, దాని వెనక ‘మిరు’ పెడితే ప్రయత్నం చేయడమనే అర్థం వస్తుంది, దీన్ని సూత్రంలా గుర్తుపెట్టుకోండి అని సార్ చెబుతున్నారు. ఆ అమ్మాయి నా వైపు వంగి, “అంకుల్, తబెతె అంటే తిని. మిరు అంటే చూడడం. ఇది మన ‘తిని చూడు’ కదా? ఇందులో సూత్రమేముంది?” అన్నారు.

ఏమీ లేదు. మొత్తం పాఠమంతా అలాగే కరిగిపోయింది. కత్తె ఒకు: కొని ఉంచు. ఇత్తె కిమస్: వెళ్ళొస్తాను. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వాళ్ళు గడపలో అనే మాట అది. చేతులు కడుక్కుని, అన్నం తిని, మందులేసుకుని పడుకున్నారు అని మనం క్త్వార్థకాలతో ఎంత దూరమైనా లాక్కుపోయినట్టే వాళ్ళు ‘తె’తో లాక్కుపోతారు. ‘నిన్న కొన్న పుస్తకం’ అనడానికి ఇంగ్లిష్‌లో మధ్యలో ఒక సంబంధ పదం గురించి ఆలోచించాలి. జపనీస్‌లో ‘కినో కత్త హొన్’, అంతే. ‘వస్తానని అన్నాడు’లో మన ‘అని’ చేసే పని వాళ్ళ ‘తొ’ చేస్తుంది. చలిగా ఉంటే ‘సముయ్’, ఏది చలిగా ఉందో చెప్పాల్సిన పని లేదు. కడుపునొప్పి వచ్చిన ముసలాయన ‘నాకు కడుపు నొప్పి’ అన్నట్టే చెబుతాడు. అలాంటి వాక్యాలు చెవినపడితే ఆ అమ్మాయి ఇంగ్లిష్‌లోకి వెళ్ళి రానక్కర్లేదు. లండన్ మీదుగా టోక్యో టికెట్టు ఎవరైనా తీస్తారా? మన క్లాసులన్నీ తీయిస్తున్నది అదే.

చైనా నుంచి వచ్చిన కంజీ అక్షరాల దగ్గర మాత్రం దగ్గరదారి లేదు. నిత్యవ్యవహారానికి జపాన్ ప్రభుత్వం నిర్ణయించిన జాబితాలో 2,136 అక్షరాలున్నాయి. రాసి రాసి చేతికి ఎక్కాల్సిందే. కానీ ఒకే అక్షరానికి రెండేసి ఉచ్చారణలేమిటని విసుక్కునేవాళ్ళకు మాత్రం తెలుగులో జవాబుంది. కొండ అన్న గుర్తును విడిగా ‘యమ’ అంటారు, నిప్పు అన్న గుర్తును ‘హి’ అంటారు. రెండూ కలిపి రాస్తే ‘హియమ’ కాదు, ‘కౙన్’ అవుతుంది. విడిగా ఉన్నప్పుడు దేశీ మాట, జోడించినప్పుడు చైనా నుంచి తెచ్చుకున్న మాట. మరి మనం చేసేదేమిటి? ఇంట్లో నిప్పు, ఊరి పక్కన కొండ, పుస్తకంలో మాత్రం అగ్నిపర్వతం. తాగడానికి నీళ్ళు, ఎత్తు నుంచి పడితే జలపాతం. తత్సమాలతో పెరిగినవాళ్ళకు ఈ రెండు అరల పద్ధతి వింతేం కాదు.

తెలుగు అడ్డుపడే చోట్లూ ఉన్నాయి, గట్టిగానే ఉన్నాయి. మా నాన్నగారు, మా మేడం గారు అని పరాయివాళ్ళ ముందు మనవాళ్ళను పెద్ద చేసి చెప్పడం మన మర్యాద. అక్కడ అది అమర్యాద. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన నాన్ననూ, మన ఆఫీసు పెద్దనూ తగ్గించి చెప్పాలి, వాళ్ళ వాళ్ళను పెంచాలి. నాకు ఇప్పటికీ మా నాన్నను ‘గారు’ లేకుండా చెప్పడానికి నోరు రాదు. ఇవ్వడానికి కూడా రెండు క్రియలు: నేను ఎవరికో ఇస్తే ఒకటి, ఎవరో నాకు ఇస్తే ఇంకొకటి. మలయాళీలకు ఇలాంటి తేడా ఇంట్లోనే ఉంది, మనకు అన్నిటికీ ‘ఇవ్వడం’ ఒక్కటే. లెక్కపెట్టడం మరీ ఘోరం. పెన్సిళ్ళకో ప్రత్యయం, కాగితాలకో ప్రత్యయం, పిల్లులకో ప్రత్యయం. ముగ్గురు, నలుగురు అనగలిగినంత మాత్రాన అక్కడ గట్టెక్కలేం.

‘మీ భాష గుమ్మం బయట వదిలిపెట్టి రండి, పసిపిల్లల్లా నేర్చుకోండి’ అని చెప్పే గురువులున్నారు. చెడ్డ సలహా. పసిపిల్లలకు వెనకాల మరో భాష లేదు, రోజంతా మాట్లాడించే తల్లి ఉంది. నలభై ఏళ్ళవాడికి ఆ తల్లి లేదు, వారానికి మూడు సాయంత్రాలున్నాయి. అతని చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆస్తి నిండుగా వచ్చిన సొంత భాష. దాన్ని బయట వదిలేయమంటే ఇంకేం పెట్టుబడితో మొదలుపెడతాడు? అయితే ఒక జాగ్రత్త. జపనీస్ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుని చదవడం మొదటి పది రోజులకు మించి పనికిరాదు. జపనీస్ ధ్వనుల్ని రాసే హిరగన లిపిలో అక్షరాలు నలభై ఆరే, మన గుణింతాలతో పోలిస్తే ఎంత? లిపి వాళ్ళదే నేర్చుకోవాలి. వ్యాకరణం మాత్రం మన భాషలో అర్థం చేసుకోవాలి.

సి.పి. బ్రౌన్ ఇరవై దాటాక కడపకు వచ్చి తెలుగులో పడ్డాడు. 1840లో తెలుగు వ్యాకరణం రాశాడు, ఇంగ్లిష్‌లో, ఇంగ్లిష్‌వాళ్ళ కోసం. తనవాళ్ళకు ఎక్కడ తడబాటు వస్తుందో తనకు తెలుసు కనక. మనం జపనీస్‌కు ఆ పని చేసుకోవాలి. జపాన్‌లో ఏళ్ళుగా ఉంటున్న తెలుగువాళ్ళున్నారు. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో జపనీస్ చెబుతున్నవాళ్ళున్నారు. ‘తె’ రూపం గురించి మీరు తెలుగులో పది పేజీలు రాసి పెట్టినా చాలు, నర్సింగ్ పిల్లలు జిరాక్సులు తీసుకుని చదువుకుంటారు. భాషా శిక్షణకు డబ్బు పెడుతున్న ప్రభుత్వ సంస్థలు ఆ పేజీల్ని పుస్తకంగా వేయించాలి. రాసినవాళ్ళు ఈ కాలమ్ చిరునామాకు ఒక కాపీ పంపండి. మా క్లాసులో మొదట చదివేది నేనే.