ముందు పెళ్ళి సీడీ, తర్వాతే సినిమా

దుమ్ముగూడెం దాటి చర్ల వైపు వెళ్తుంటే ఫోనులో సిగ్నల్ ఒక ఊళ్ళో నిండుగా ఉంటుంది, తర్వాతి మలుపులో మాయమవుతుంది. అటువైపు చుట్టాల ఇళ్ళలో టీవీకి ఫైర్‌స్టిక్ పెట్టిస్తానంటే ఖమ్మం మిత్రులు నవ్వుతారు. నెట్టే రానిచోట స్ట్రీమింగ్ ఏమిటని వాళ్ళ ప్రశ్న. నా లెక్క వేరు. షోకేసులో దుమ్ము పట్టిన సీడీలు, డీవీడీలు ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, దాన్ని యూఎస్‌బీ పోర్టున్న రౌటరుకు తగిలిస్తే, బయటి నుంచి ఒక్క ఎంబీ రాకపోయినా ఇంట్లో వైఫై నడుస్తుంది. కోడి (Kodi) లాంటి ప్లేయరు యాప్‌ను సిగ్నల్ ఉన్నచోట ముందే వేసి తెచ్చుకోవాలి, అంతే. నెలవారీ చందా లేదు. లైసెన్సు గడువు తీరిందని రాత్రికి రాత్రి సినిమా మాయమయ్యే బాధా లేదు.

మన ఇళ్ళలో డిస్కులు ఇన్ని పోగుపడటానికి కారణం ధర. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. బస్టాండులో అరటిపళ్ళతో పాటు ఒక సినిమా కూడా కొనుక్కుని బస్సెక్కిన రోజులవి. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళింది. అది అచ్చు వేసిన డిస్కులు చాలామటుకు ఇంకా ఆడుతున్నాయి.

అచ్చు వేసినవి అన్నాను, గమనించండి. కంపెనీ డిస్కులో బొమ్మ ప్లాస్టిక్ మీద గుంటలుగా ముద్ర పడి ఉంటుంది. స్టూడియోవాళ్ళు కంప్యూటర్లో రాసిచ్చిన డిస్కులో అది రంగు పూతలో ఉంటుంది; ఎండా ఉక్కా తగిలితే ఆ రంగు వెలుస్తుంది. తిప్పి చూస్తే చాలామటుకు తేడా తెలిసిపోతుంది. అడుగు వెండిలా ఉంటే కంపెనీది, నీలంగానో ఊదాగానో పచ్చగానో కనిపిస్తే రాసింది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అన్నీ ఈ రెండో రకంలోనే ఉన్నాయి. జనం మాత్రం కాపీ పని సినిమాలతో మొదలుపెడతారు. ‘లవకుశ’ పోతే ఇంకెక్కడైనా దొరుకుతుంది. మీ అమ్మానాన్నల పెళ్ళి ఇంకెక్కడా దొరకదు.

పెళ్ళి డిస్కు మీద వధూవరుల ఫొటోతో కాగితం స్టిక్కరు ఉంటుంది. అంచు లేచిందని దాన్ని పీకకండి. సీడీలో మెరిసే పొర ఉండేది పైవైపున, పలుచటి లక్క పూత కిందే. స్టిక్కరుతో పాటు పెళ్ళీ ఊడి వస్తుంది. అడుగున పడ్డ గీత కన్నా పైన పడ్డ గీతే ప్రమాదం. డీవీడీ కాస్త నయం, పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది. తుడవాల్సి వస్తే మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు డిస్కు డ్రైవు ఉండదు, యూఎస్‌బీది విడిగా కొనాలి. వీసీడీ తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులో డీఏటీ (.DAT) ఫైలు కనిపిస్తుంది. కాపీ కొట్టి, పేరు చివర ఎంపీజీ అని మారిస్తే చాలా టీవీలు ఆడిస్తాయి. మధ్యలో ఆగిపోయిందంటే తప్పు మీ డ్రైవుది కాకపోవచ్చు. 74 నిమిషాల సినిమా పట్టించడానికి వీసీడీలో తప్పులు దిద్దే ఏర్పాటు ఒక అంచె తీసేశారు. మామూలు డేటా సీడీలో ఒక సెక్టారుకు 2048 బైట్లు పడితే ఇందులో 2324 పడతాయి. అందుకే గీత పడ్డచోట విండోస్ చేతులెత్తేస్తుంది. ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ చదవగలిగింది చదివి, లేని ముక్క ఖాళీగా వదిలి ముందుకెళ్తుంది. తాళి కట్టే ఘట్టంలో రెండు సెకన్లు పోయినా ఫర్వాలేదు, మిగతాది దక్కుతుంది. ఇంకో మాట: వీసీడీ బొమ్మ 352 బై 288 చుక్కలే. దాన్ని సాగదీసి హెచ్‌డీ చేస్తామనే సాఫ్ట్‌వేర్లకు డబ్బు తగలేయకండి.

డీవీడీకి మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, నాణ్యత చెడకుండా ఉన్నదున్నట్టు ఒక్క ఫైలుగా ఇస్తుంది. జాగా తక్కువైతే హ్యాండ్‌బ్రేక్‌తో కుదించుకోవచ్చు. కెమెరాతో తీసిన పెళ్ళిళ్ళలో కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లోని డీఇంటర్లేస్ ఫిల్టరు పెడితే సర్దుకుంటాయి. పాత సినిమాల కొలత 4:3. టీవీ తెర నిండాలని సావిత్రిగారిని అడ్డంగా సాగదీసి చూసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, ఆ పాపం మీరు చేయకండి. కొన్న డిస్కును ఇంట్లో చూసుకోవడానికి కాపీ చేసుకోవడం ఒకటి, ఊరంతా పెన్‌డ్రైవుల్లో పంచడం ఒకటి. కాపీరైట్ చట్టం 52వ సెక్షను సొంత వాడకానికి కొంత వెసులుబాటిచ్చింది, పంచడానికి ఇవ్వలేదు.

ఫైలు పేరులో సంవత్సరం తప్పనిసరి, లేకపోతే ప్లేయరు పోస్టర్లు తారుమారు చేస్తుంది. ఒకే పేరుతో రెండుసార్లు వచ్చిన సినిమాలకైతే మరీను. బాపు తీసిన ‘అందాల రాముడు’ 1973ది. పడవ మీద భద్రాచలం ప్రయాణం. అదే పేరుతో సునీల్ హీరోగా 2006లో ఇంకోటి వచ్చింది. ‘మాయాబజార్’ 1957ది, 2006లో మళ్ళీ అదే పేరు. ‘దేవదాసు’ 1953ది, దానికీ 2006లో జోడీ. శేఖర్ కమ్ముల ‘గోదావరి’, రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’ కూడా ఆ ఏడాదివే. 2006లో తెలుగు సినిమాకు భద్రాద్రి రాముడు, పాత పేర్లు తప్ప ఇంకేమీ తోచలేదేమో!

పడవ సినిమాలు చూసేవాళ్ళు పాపికొండల కోసం చూస్తారు. నాకు ఒడ్డున ఉన్న ఊళ్ళ మీద కన్ను. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాల్లో కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, వరరామచంద్రపురం ఉన్నాయి. అక్కడి ఎన్నో ఊళ్ళు పోలవరం ముంపులోవి. జనం పునరావాస కాలనీలకు వెళ్ళారు, వెళ్తున్నారు. ఆ ఊళ్ళలో తీసిన పెళ్ళి సీడీని జాగ్రత్తగా చూడండి. కెమెరా అబ్బాయి నిడివి పెంచడానికి తీసిన అనవసరపు షాట్లలోనే ఊరు దొరుకుతుంది: పెంకుటింటి అరుగు, వీధి చివర చింతచెట్టు, రేవు దాకా మేళం వెళ్ళే దారి, విడిది దగ్గర ఇప్ప చెట్టు కింద కూర్చున్న ముసలివాళ్ళు. సినిమాలో నేపథ్యంగా దాటిపోయే ఊరు ఇందులో పేర్లూ చుట్టరికాలతో ఉంటుంది. స్టూడియో టైటిల్సూ, సినిమా పాటల మిక్సింగూ చికాకు పెట్టినా కత్తిరించకండి. ఎడిటింగ్ తర్వాత, ముందు పూర్తి కాపీ.

ఒక్క కాపీ చాలదు. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. వరదలో మునిగిన అచ్చు డిస్కును మంచినీళ్ళతో కడిగి ఆరబెడితే చాలాసార్లు ఆడుతుంది. బురద నీళ్ళు తాగిన హార్డ్ డిస్కు ఆడదు. అందుకని రెండో కాపీ ఖమ్మంలో పెడితే భద్రమనేవాళ్ళు మావాళ్ళు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు వరద ఖమ్మం కాలనీల్లోకి వచ్చాక ఆ మాట మానేశారు.

కాబట్టి ఒక కాపీ ఇంట్లో ఎత్తున ఉంచండి, ఇంకోటి హైదరాబాదులోనో మరో ఊళ్ళోనో ఉన్న పిల్లలకు ఇవ్వండి, కాపీ అయ్యాక కూడా అసలు డిస్కును పారేయకండి. మీది ముంపు ఊరైతే ఈ పని వచ్చే వానాకాలం లోపే చేయండి.