మాలపల్లి: శాంతికి ముందు వలసినది

ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని గూర్చి తెలుగు విమర్శకులు వ్రాసినది స్వల్పము కాదు. అయినను ధర్మపురి జిల్లాలో, బి. మల్లాపురమునందు కూర్చుండి ఆ గ్రంథమును చదువువారికి అది కొంత వేరుగా కనిపించును. ఈ గుంటూరుసీమ కథ వ్రాయబడినది గుంటూరులో కాదు; తమిళదేశమున, రాయవేలూరు చెరసాలలో. 1921లో పలనాటి రైతులు అడవిలో పశువులను మేపుకొనుటకు పుల్లరి చెల్లింపమని ఎదురు తిరిగిరి. ఆ ఉద్యమమున పాల్గొన్నందుకు ఉన్నవవారికి ఆ చెర ప్రాప్తించినది. నవల 1922లో వెలువడినది. మరుసటి ఏడే మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. 1928లో ఆ నిషేధము తొలగి, 1936లో మరల వచ్చినది. 1937లో దానిని ఎత్తివేసిన మంత్రివర్గమునకు నాయకుడు రాజగోపాలాచారిగారు. నాటి సేలము జిల్లాలో, హోసూరు దాపున తొరపల్లిలో జన్మించినవారు. మన ధర్మపురి జిల్లా 1965లో ఆ సేలమునుండి వేరుపడినదే. కావున ఈ నవల పుట్టుకలోను, విడుదలలోను ఈ ప్రాంతమునకు కొంత పాలు గలదని చెప్పుకొనుట అతిశయోక్తి కానేరదు.

ప్రభుత్వము ఒక నవలకు అంతగా వెరచుటకు కారణమేమి? వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ధనికులను దోచి పేదలకు పంచుటయే యని కొందరందురు. మాకట్లు తోచదు. బందిపోటు కథలు లోకమున పూర్వమునుండియు కలవు. వానివలన ఏ సింహాసనమును కదలలేదు. ఈ నవల పాలకులు శాంతియను మాటకు చెప్పు అర్థమునే తారుమారు చేసినది. కథారంభమున ఊరు ప్రశాంతముగా నున్నది. రామదాసు హరిభక్తుడు, సౌమ్యుడు, ఎవరితోను తగవు లేనివాడు. ఆ ప్రశాంతతకు మూల్యము చెల్లించుచున్నవారెవరని రచయిత అడుగును. కూలివారి పక్షమున నిలిచిన సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణములు విడుచును. శాంతిని భంగపరచినదెవరు? సమ్మె చేసినవారని గ్రామపెద్దలందురు. కాని వెంకటదాసు దారి మళ్ళినది తమ్ముని మరణమునకు తరువాతనే గాని ముందు కాదు. ఈ సంఘటనల వరుసయే ఉన్నవవారి వాదము. పెద్ద పెద్ద ప్రసంగములు, విషయాంతరములు గ్రంథమున చాల గలవు. ఓపికలేని పాఠకుడు వానిని దాటవేయవచ్చును. ఈ వరుసను మాత్రము దాటరాదు.

లోపము లేదనము. ఈ నవలలో రాజ్యము పోలీసు రూపమున, న్యాయస్థానపు రూపమున, చెరసాల రూపమున మాత్రమే కనిపించును. చెరలో కూర్చుండి వ్రాసినవానికి అది సహజమే. మేలు జరిగినచో రామానాయుడువంటి సహృదయుల మనసు మారుటవలన, ప్రజలు తామే నెలకొల్పుకొన్న విద్యాలయమువలన జరుగవలెను. మరి భూస్వామి ఇంట అట్టి మంచి కుమారుడు పుట్టకున్నచో? ఈ ప్రశ్నకు నవలలో సమాధానము దొరకదు. ప్రభుత్వపు విధానమే న్యాయమును తన ముఖ్యోద్దేశముగా పెట్టుకొనవలెనను భావము 1950లో రాజ్యాంగముతో మనకు వచ్చినది. అందలి 38వ అధికరణము సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయముతో కూడిన వ్యవస్థను కోరుచున్నది. అంతర్జాతీయ శాంతి 51వ అధికరణమున వచ్చును. సంఖ్యలలో పరమార్థము వెదకుట మా ఉద్దేశము కాదు గాని, ఆ క్రమము మాకు నచ్చినది. అయితే 37వ అధికరణము ప్రకారము ఇవి న్యాయస్థానముల ద్వారా అమలు చేయింపదగినవి కావు.

ఇక మల్లాపురమునుండి చూచువారికి కనిపించునది చెప్పెదము. పలనాటి అడవివంటి అడవియే ఈ జిల్లాలోను గలదు. అరూరు దాపున, సిత్తేరి కొండల అడుగున వాచాత్తి అను గిరిజనగ్రామము. 1992 జూన్ 20న అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది చందనపు దుంగల సోదా పేరిట అచ్చట ప్రవేశించి ఇండ్లు ధ్వంసము చేసిరి. పదునెనమండుగురు స్త్రీలపై అత్యాచారము జరిగినది. నిందితులు 269 మంది. విచారణ ముగియునప్పటికే వారిలో 54 మంది గతించిరి. మిగిలిన 215 మందిని 2011 సెప్టెంబరు 29న ధర్మపురి న్యాయస్థానము దోషులుగా నిర్ణయించినది; సరిగా పన్నెండేండ్లకు, 2023 సెప్టెంబరు 29న, మద్రాసు హైకోర్టు ఆ తీర్పును స్థిరపరచి బాధిత స్త్రీలకు తలకు పది లక్షల రూపాయలు ఇప్పించినది. మాలపల్లిలోని రాజ్యమే ఇక్కడకును వచ్చినది. కాని ఉన్నవవారు ఊహింపలేని రాజ్యము గూడ, పందొమ్మిదేండ్ల ఆలస్యముతో, ధర్మపురి న్యాయస్థానమున కనిపించినది. మొదటి రాజ్యమును చూచి రెండవది లేదనుట తప్పు. రెండవది యున్నదిగదా యని ఆ పందొమ్మిదేండ్లను మరచుట అంతకంటె పెద్ద తప్పు. ఆ ఏండ్లలో వాచాత్తిలో అల్లరి లేదు. దానిని శాంతి యనవచ్చునా?

మనవంటి కుటుంబములకు న్యాయమనగా తరచు భాషాన్యాయమని అర్థము. 2006 శాసనముచే పదవ తరగతివరకు తమిళము నిర్బంధమైన నాటినుండి పిల్లల తెలుగు చదువు ఏమగునోయను ఆందోళన సహేతుకమైనదే. సంఘములు దానికై అర్జీలు పెట్టుట ఉచితమే. అయితే తమిళనాట ఇంట తెలుగు మాటాడు వారిలో అరుంధతీయులనేకులు గలరు. పారిశుద్ధ్యపు పనులలో, తోలుపనులలో తరతరములుగా నలిగినవారు. 2009లో తమిళనాడు శాసనసభ షెడ్యూల్డు కులముల 18 శాతములో 3 శాతమును వారికి కేటాయించినది. అట్టి ఉపవర్గీకరణ చెల్లునని 2024 ఆగస్టు 1న సుప్రీముకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 6–1 ఆధిక్యముతో తీర్పు చెప్పినది. భాష మీదను, లిపి మీదను, పండుగల మీదను వ్యాసములు తెలుగు సంఘముల సంచికలలో విరివిగా చూచితిమి. ఆ మూడు శాతమును గూర్చిన వ్యాసము అరుదుగా కనిపించినది. సంగదాసు కథకు కంట తడిపెట్టు పాఠకుడు తన వీథి చివర తెలుగు మాటాడు ఇంటిని తెలుగుల జాబితాలో చేర్చకున్నచో, ఆ నవలను చదివినట్లు మేము ఒప్పుకొనము.