క్రైస్తవాంధ్రమున 'సమాధానము'

మిషనరీల తెలుగు కృతకమనియు, అన్వయక్లిష్టమనియు విమర్శకులు తరచు చెప్పుదురు. అందు సత్యము లేకపోలేదు. కాని ఆ తెలుగున ఒక్క పదము మాత్రము వారు తలచినదానికంటె లోతైనదని మా యభిప్రాయము. అది 'సమాధానము'.

లోకవ్యవహారమున సమాధానమనగా ప్రత్యుత్తరము. వేదాంతమున శమాదిషట్కములో నొకటి. చిత్తైకాగ్రత యని యర్థము. బందరు, గుడివాడ, దివిసీమలలోని క్రైస్తవుడు తనకు సమాధానము లేదన్నచో, మనసు కుదుటపడలేదని గ్రహింపవలెను. తెలుగు బైబిలు శాంతిశబ్దము నెరుగనిది కాదు. యోహాను సువార్త 14వ అధ్యాయమున క్రీస్తు శిష్యులకు అనుగ్రహించునది శాంతియే. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో నది సమాధానమైనది. రెండుచోట్లను మూలమందలి గ్రీకుపద మొక్కటే.

అనువాదకులు బుద్ధిపూర్వకముగ నిట్లు చేసిరనుటకు సాహసింపము. ఫలితము మాత్రము విచారింపదగినది. శాంతి యేకాకికిని లభించును. ఘంటసాల, గుడివాడలలో స్తూపములు నిలిపిన బౌద్ధులు దానిని తృష్ణాక్షయమున వెదకిరి. సమాధానమునకో, ఇరువురు కావలెను. మత్తయి సువార్త 5వ అధ్యాయమున, అర్పణమును బలిపీఠము నెదుట విడిచి, ముందుగా సోదరునితో సమాధానపడవలెనను బోధ కలదు. అచట గ్రీకుధాతువు వేరు. తెలుగున మాత్రము తగవు తీరుటకును, హృదయము నెమ్మదించుటకును పద మొక్కటే యైనది. పగ విడువనిదే మనసు నిలువదను భావము పదమునందే యిమిడినది. ఇది మూలమున లేని లాభము. ప్రభుప్రార్థనలో పాపమునకు 'ఋణము' అను మాట మాత్రము మత్తయి మూలముననే యున్నది. పంట యింటికి రాకమునుపే అప్పు పెరుగు డెల్టా రైతునకు దానికి వ్యాఖ్య యక్కరలేదు.

కీర్తనకారులు ఈ లాభమును చాలినంతగ వినియోగించుకొనలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారి రచనలు రాగతాళములతో భక్తిమార్గమున నడచినవి. పశ్చాత్తాపము, శరణాగతి వానియందు పుష్కలము. మేము చదివినంతలో, పొరుగువానితో తెగని తగవు అరుదు. భక్తుడును ప్రభువును తప్ప మూడవవాడు కానరాడు. గానమాధుర్యమున నీ లోపము మరుగుపడును గాని తొలగదు.

ఆ మూడవవాడు ఊహామాత్రుడు కాడు. బందరున రాబర్టు నోబులు 1843లో స్థాపించిన పాఠశాలలో, 1852లో ఇరువురు విద్యార్థులు బాప్తిస్మము పొందగా పట్టణము కలవరపడెను. పెక్కుమంది పిల్లలు బడి మానిరి. మతము మారినవానికి వారసత్వహక్కు పోకుండ 1850లోనే చట్టము వచ్చియుండెను. చట్టము ఆస్తి నిప్పింపగలదు. తండ్రిని కొడుకుతో సమాధానపరుపజాలదు. దేవునితోడి సమాధానమే కన్నవారితో వైరమునకు హేతువైనచో, ఎవరు ఎవరిని క్షమింపవలెను? ఆ యువకుల ధైర్యము కొనియాడదగినదే. వెనుక మిగిలిన గృహముల దుఃఖమును, ఈ ప్రశ్నను ఎదుర్కొనిన కీర్తన మాత్రము మా కంటబడలేదు.

ఇంకొక కష్టము గలదు. 1864 నవంబరు 1న బందరుపై విరుచుకుపడిన ఉప్పెనలో మృతులు సుమారు 30,000. 1977 నవంబరు 19న దివిసీమకు అదే గతి పట్టెను. సముద్రము అపరాధి కాదు. దానిని క్షమించుట యెట్లు? బిడ్డలను పోగొట్టుకొనిన దివిసీమ క్రైస్తవురాలు తనకు సమాధానము లేదన్నచో, ఆ మాటలో మనశ్శాంతి లేమి యెంతయో, 'ఎందుకిట్లయినది' అను ప్రశ్నకు జవాబు దొరకమియు నంతయే. పదముయొక్క పాతయర్థము అచట మరల పైకి వచ్చినది.